కనబడని గెలాక్సీని లెక్కలోంచి తీసేయాలా?

ప్రశ్న: మాస్టారూ, నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ఫిజిక్స్ వాళ్లతో కలిసి ఆకాశం డేటా మీద పని చేద్దామంటే మా క్లాసువాళ్లు "మనకెందుకే ఆ గోల" అంటున్నారు. మా సబ్జెక్టు వాళ్లకి నిజంగా పనికొస్తుందా?
– ఒక విద్యార్థిని, టెక్కలి

జవాబు: ఎందుకు పనికిరాదమ్మా! వాళ్లకి కావలసిన సరుకు నీ సిలబస్‌లోనే ఉంది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు వచ్చినవాళ్ల మీద అధ్యయనం చేస్తున్నావనుకో. ఒకాయన రెండేళ్లు చెకప్‌కి వచ్చి, ఆ తర్వాత పని వెతుక్కుంటూ చెన్నై వలసపోయాడు. ఇప్పుడెలా ఉన్నాడో తెలీదు. ఆయన్ని లెక్కలోంచి తీసేస్తే తప్పు, చనిపోయాడని రాస్తే ఇంకా తప్పు. "ఫలానా తేదీ దాకా బతికున్నాడు" అన్న ఆ కాస్త సమాచారాన్నీ వాడుకునే పద్ధతిని కప్లాన్, మెయర్ అనే ఇద్దరు 1958లో ఇచ్చారు. నేను పాఠం చెప్పే రోజుల్లో పిల్లలు దీన్ని పరీక్షకి చదివి వదిలేస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఇక టెలిస్కోప్ సంగతి చూడు. వంద గెలాక్సీల కోసం చూస్తే నలభై కనబడలేదనుకో. వాటి వెలుగు సున్నా అని కాదు, మన పరికరానికి అందేదానికంటే తక్కువ అని. కనబడినవాటికే సగటు తీస్తే ఉన్నదానికంటే ఎక్కువ వెలుగు తేలుతుంది. రోగి దగ్గర "ఇంతకంటే ఎక్కువ", ఇక్కడ "ఇంతకంటే తక్కువ". తిరగేస్తే లెక్క ఒకటే! ఫైగల్సన్, నెల్సన్ ఈ పద్ధతుల్ని ఖగోళ శాస్త్రవేత్తలకి 1985లో వివరించి చెప్పారు. ఖగోళ శాస్త్రవేత్త అయిన ఆ ఫైగల్సనే స్టాటిస్టీషియన్ జోగేష్ బాబుతో కలిసి 1991లో అమెరికాలోని పెన్ స్టేట్‌లో సదస్సు పెట్టి, రెండు వైపులవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టారు.

కూర్చోవడం ఎందుకంటే, ఫార్ములా ఒక్కటీ చేతికిస్తే చాలదు. జబ్బు ముదిరినందువల్లే రోగి రావడం మానేస్తే కప్లాన్-మెయర్ లెక్క దారితప్పుతుంది. గెలాక్సీ ఎందుకు కనబడలేదో, దూరం వల్లా, పరికరం వల్లా అన్నది, నీకు తెలీదు, ఫిజిక్స్ వాళ్లకి తెలుసు. అది అడగాలని వాళ్లకి తట్టదు, నీకు తట్టాలి.

ముందు ఆల్గాల్ నక్షత్రంతో మొదలుపెట్టండి. సుమారు 2.87 రోజులకోసారి మసకబారుతుంది, కార్తీకంలో కళ్లతోనే చూడొచ్చు. మబ్బు పట్టిన రాత్రి అంకె ఊహించి రాయకండి, "మబ్బు" అనే రాయండి. అలా ఖాళీలున్న డేటాలోంచి కాలవ్యవధి తీయడానికి లాంబ్-స్కార్గిల్ పద్ధతి ఉంది. రీడింగులు వాళ్లు తీస్తున్నప్పుడు నువ్వూ పక్కనే ఉండు.