అమ్మకి మైట్రల్ వాల్వ్ కీహోల్ ఆపరేషన్: సేఫేనా?

నెల్లూరు నుంచి అడిగారు కదండీ, మీ అమ్మగారికి 58 ఏళ్లని, గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం, అదే మైట్రల్ వాల్వ్, బాగా లీకవుతోందని, చెన్నైలో ఛాతీ మధ్య ఎముక కోయకుండా పక్క నుంచి చిన్న కోతతో చేస్తామంటున్నారని. మా అత్తగారికి ఇదే వాల్వ్‌కి, ఇదే పద్ధతిలో, ఇక్కడ చెన్నైలోనే చేయించాం. ఆవిడ ఇప్పుడు బాగున్నారు. నేను డాక్టర్ని కాదు, దగ్గరుండి చూసుకున్న కోడల్ని.

చేయి తిరిగిన సర్జన్ దొరికి, మీ అమ్మగారి ఒళ్లు ఆ పద్ధతికి సరిపడితే సేఫే. కాకపోతే కోత చిన్నది కాబట్టి ఆపరేషన్ కూడా చిన్నదేనని మాత్రం అనుకోకండి. లోపల పని అదే. గుండెని కాసేపు ఆపి, రక్తాన్ని గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషీన్ మీదికి మళ్లించి, వాల్వ్‌ని బాగుచేసి దాని చుట్టూ రింగ్ కుడతారు, కుదరకపోతే వాల్వే మారుస్తారు. వెళ్లే దారి ఒక్కటే వేరు. కుడి రొమ్ము కింద పక్కటెముకల మధ్య నుంచి వెళ్తారు, మెషీన్ గొట్టాలు మామూలుగా గజ్జల్లోని రక్తనాళాల్లోకి పెడతారు.

ఆ గజ్జల సంగతే ముందు చూడాలి. అక్కడి నుంచి రక్తం కింది నుంచి పైకి వెళ్తుంది. దారిలో నాళాలు సన్నబడి, గోడలకి కొవ్వు, సున్నం పేరుకుని ఉంటే ముక్కలు ఊడి మెదడుకి చేరి స్ట్రోక్ రావచ్చు. అందుకే ముందుగా సీటీ యాంజియో, అంటే రక్తనాళాల స్కాన్, తీసి చూస్తారు, అది చేయించారో లేదో అడగండి. గుండె నాళాల్లో బ్లాకులుండి బైపాస్ కూడా కావాలన్నా, ఊపిరితిత్తి పాత జబ్బుతో ఛాతీ గోడకి అతుక్కుని ఉన్నా, సాధారణంగా మధ్య నుంచే చేస్తామంటారు. అలా అంటే బాధపడకండి. బ్రిటన్‌లో మైట్రల్ రిపేర్‌కి వచ్చిన 330 మందిని రెండు గుంపులు చేసి పోల్చిన ఫలితాలు 2023లో వచ్చాయి. చిన్న కోత వాళ్లు కాస్త ముందుగా ఇంటికెళ్లారు గానీ, 12 వారాలకి రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఏడాదికి రిపేర్ నిలిచిన తీరూ, సేఫ్టీ కూడా అంతే. అయితే అక్కడ చేసినవాళ్లు ఆ పద్ధతిలో ఆరితేరిన సర్జన్లు. కాబట్టి మీ సర్జన్ని మొహమాటపడకుండా అడగండి, ఈ పద్ధతిలో ఏడాదికి ఎన్ని చేస్తారని.

నా దృష్టిలో కోత కంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. రిపేర్ అవుతుందా, మార్చాలా? చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల పాడైన వాల్వ్ రిపేర్‌కి అంత తేలిగ్గా లొంగదు. మెటల్ వాల్వ్ పెడితే జీవితాంతం రక్తం పల్చబడే మాత్ర, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తప్పవు. జంతువుల కణజాలంతో చేసే టిష్యూ వాల్వ్ కొన్నేళ్లకి అరిగిపోతుంది. ఇవన్నీ ముందే మాట్లాడుకోండి. సంతకం పెట్టించుకునే కాగితంలో, అవసరమైతే మధ్యలో పెద్ద కోతకి మారతామని ఉంటుంది. అది చదివి మావారు చాలా టెన్షన్ పడ్డారు. కానీ ఇబ్బంది వచ్చినప్పుడు మొండికెయ్యకుండా మారే సర్జనే కావాలి మనకి.

తర్వాతి రోజులు చెప్తాను. పక్కటెముకల నొప్పి మొదట్లో గట్టిగానే ఉంటుంది. దగ్గు వస్తే అత్తయ్య దిండుని పక్కకి అదుముకునేవారు. మూడు బంతుల గొట్టం ఇచ్చి ఊపిరి పీల్చమంటారు, రెండో బంతి లేచేసరికే ఆవిడకి చెమటలు పట్టేవి, అయినా వదలనివ్వలేదు నేను. ఛాతీ మీది గాయం చక్కగా మానింది గానీ గజ్జల దగ్గర చిన్న గాయం చాలా రోజులు నీరు కారింది. రోజూ పొడిగా తుడిచి చూపిస్తూ ఉండాల్సి వచ్చింది. మధ్య ఎముక కోయలేదు కాబట్టి చేతులెత్తి జుట్టు ముడి తనే వేసుకోగలిగారు, అది ఆవిడకి పెద్ద ధైర్యం.

డిశ్చార్జ్ కాగానే నెల్లూరు బండి ఎక్కేయకండి. వాల్వ్ ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పి దడ రావడం చాలామందికి జరుగుతుంది. మొదటి చెకప్ దాకా ఆస్పత్రికి దగ్గర్లోనే రూమ్ తీసుకోండి. చెన్నైలో గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది అలాగే ఉంటారు.

ఆపరేషన్‌కి ముందే అమ్మగారి పళ్లు కూడా చూపించండి. నోట్లో ఇన్ఫెక్షన్ రక్తంలో కలిసి కొత్త వాల్వ్‌కో రింగ్‌కో పట్టుకునే ప్రమాదం ఉంది. ఆ తర్వాత ఎప్పుడు పన్ను పీకించుకోవాలన్నా, వాల్వ్ ఆపరేషన్ అయిందని డెంటిస్ట్‌కి ముందే చెప్పాలి.