సెయింట్ ప్యాట్రిక్స్ డేకి ఇంట్లో నల్లబల్ల మీద బొమ్మ: ముగ్గు వేసిన చెయ్యి చాలు

ఐర్లండ్ వచ్చి ఏడాది కూడా కాలేదు, అద్దె ఇంటి వంటింట్లో గోడకి నల్లబల్ల ఉంది, మార్చి 17న ఇక్కడి పండగ సెయింట్ ప్యాట్రిక్స్ డేకి ఏదైనా వేయమని పిల్లలు ఒకటే గోల, నాకేమో డ్రాయింగ్ అస్సలు రాదు, ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదా. ముగ్గు వేయడం వచ్చా అండీ మీకు? వస్తే చాలు. నాకూ డ్రాయింగ్ రాదు, స్కూల్లో సైన్స్ రికార్డులో బొమ్మలన్నీ మా అన్నయ్యే వేసిపెట్టేవాడు. డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉంటాం, ఇన్నేళ్లుగా ప్రతి మార్చిలో వేస్తూనే ఉన్నాను, ఇప్పుడు పక్కింటి పిల్లలు కూడా వచ్చి చూసిపోతున్నారు.

ముందు నా ఘనకార్యం చెప్తాను, మీరు అది చేయకుండా ఉంటారు. 2018లో ఫ్రిజ్ పక్కనున్న చెక్క పలకకి నేనే చాక్‌బోర్డ్ పెయింట్ వేశాను. మామూలు సుద్దముక్కలతో రంగు తేలిపోతోందని చాక్ మార్కర్లు తెచ్చాను, అదే పెన్నులా ఉండి లోపల సుద్ద నీళ్లు ఉంటాయి చూడండి, అవి. బ్రహ్మాండంగా వచ్చింది. ఆకుపచ్చగా, మెరిసిపోతూ, పెద్ద ఆకు. ఆ రోజు శనివారం, రగ్బీలో ఐర్లండ్ లండన్‌లోని ట్వికెనమ్‌లో ఇంగ్లండ్‌ని ఓడించి గ్రాండ్ స్లామ్ (అంటే టోర్నీలో ఆడిన మ్యాచ్‌లన్నీ గెలవడం) కొట్టింది, వీధి వీధంతా మంచి ఊపు మీద ఉంది. సాయంత్రం పక్కింటి పెద్దావిడ కేక్ ఇవ్వడానికి వచ్చి, బోర్డు కేసి చూసి, చాలా మర్యాదగా, "బాగుందమ్మా, కానీ దీనికి నాలుగాకులు ఉన్నాయే" అంది. నాలుగాకులది అదృష్టానికి గుర్తు, ఎక్కడో అరుదుగా దొరుకుతుంది. ప్యాట్రిక్స్ డేకి పెట్టుకునేది షామ్‌రాక్ అనే చిన్న ఆకు, దానికి మూడే. ఒకే దేవుడిలో ముగ్గురు అన్న త్రిత్వాన్ని, ఇక్కడ క్రైస్తవం బోధించిన సెయింట్ ప్యాట్రిక్ ఆ మూడాకులు చూపించి జనానికి చెప్పాడని ఇక్కడి కథ, అందుకే ఆకు లెక్క తప్పితే వాళ్లకి పంటి కింద రాయిలా ఉంటుంది.

సరే, చెరిపేద్దాం అనుకున్నాను. చెరగదే! ఇంట్లో పూసిన పెయింట్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, మార్కర్ అందులోకి దిగిపోయింది. ఆ ఏడాది ఉగాది సరిగ్గా మరునాడే, మార్చి 18 ఆదివారం. తడిగుడ్డ, సబ్బు, స్పాంజి అన్నీ అయ్యాయి, మా ఆయన బొమ్మని వదిలేసి పెయింట్‌నే గీకేశాడు కొంచెం. చివరికి ఆ తప్పుడాకు నీడ మీదే ఉగాది శుభాకాంక్షలు రాసుకున్నాం. రెండు కోటింగ్‌లు నల్ల పెయింట్ మళ్లీ వేస్తే గానీ పోలేదు. మార్కర్ ప్యాకెట్ వెనక, గాజు లాంటి నున్నటి వాటికి మాత్రమే అని రాసే ఉంది, చదవని తప్పు నాది. మీది అద్దె ఇల్లు, కాబట్టి మార్కర్ జోలికి వెళ్లకండి, మరీ సరదా పడితే కింద మూలలో చిన్న చుక్క పెట్టి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున తుడిచి చూడండి. ఆయిల్ పేస్టల్స్ (నూనె కలిసిన క్రేయాన్ల లాంటి రంగులు) అయితే అసలు వద్దు.

కొనాల్సింది పెద్దగా ఏం లేదు. రంగు సుద్దముక్కల డబ్బా ఒకటి, తెల్లవి విడిగా ఒక డబ్బా (తెల్లవే ఎక్కువ అయిపోతాయి), ఇయర్ బడ్స్, పాత కాటన్ బనియన్ గుడ్డ, పెన్సిల్ చెక్కుకునే షార్పనర్, లావు పెన్సిళ్లకి రెండో బెజ్జం ఉండేది. సుద్దముక్కని అందులో మెల్లగా తిప్పితే మొన వస్తుంది, సన్న గీతలకి అదే కావాలి.

బల్ల కొత్తదైతే ఒక పని తప్పనిసరి. పెయింట్ వేసి మూడు రోజులు ఆరనిచ్చాక, తెల్ల సుద్దముక్కని అడ్డంగా పడుకోబెట్టి బోర్డు మొత్తం రుద్దేసి, పొడిగుడ్డతో తుడిచేయాలి. ఇలా చేయకపోతే మీరు వేసిన మొదటి గీతలే ఆ రంధ్రాల్లో కూర్చుని, ఎన్నిసార్లు చెరిపినా దయ్యంలా కనిపిస్తూనే ఉంటాయి. పాత బల్లకైనా సరే, నేను ప్రతిసారీ చేస్తాను, నల్లదనం కొంచెం బూడిద రంగుకి తిరిగి, తప్పులు దిద్దుకున్నా మచ్చలు తెలియవు.

ఇంక బొమ్మ. షామ్‌రాక్ ఎలా ఉంటుందో చూపించాలంటే మన పెరట్లో మొలిచే పులిచింత ఆకు గుర్తు తెచ్చుకోండి, చిన్నప్పుడు పుల్లగా ఉంటుందని నమిలేవాళ్లం. మూడు హృదయాకారాలు, కొనలు మూడూ మధ్యలో కలుస్తాయి, నొక్కులు బయటికి ఉంటాయి. తమలపాకు గీసినట్టు గీస్తే తిరగబడిపోతుంది, నేను మొదట అదే చేశాను. కాడ నిటారుగా కర్రలా వద్దు, కొంచెం వంకరగా, అడుగున లావుగా రానివ్వండి.

ఆకుపచ్చ సుద్ద నల్లబల్ల మీద చచ్చుగా కనబడుతుంది, అందరూ అక్కడే నిరాశపడిపోతారు. ముందు ఆకు లోపలంతా తెల్ల సుద్ద పామి, వేలితో మెత్తగా అద్దండి, దాని మీద ఆకుపచ్చ వేయండి, అంచుల్లో ఇంకోసారి ఒత్తిగా. నొక్కు దగ్గర చిటికెడు పసుపు రంగు కలిపితే ఆకు మీద ఎండ పడ్డట్టు ఉంటుంది. ఇంకా తెల్లగా, పదునుగా గీతలు కావాలంటే సుద్దముక్క మొనని నీళ్లలో ముంచి గీయండి. గీసినప్పుడు ఏమీ కనపడదు, కంగారుపడి మళ్లీ గీసేయకండి, రెండు నిమిషాల్లో ఆరి తెల్లగా తేలుతుంది. తడి సుద్దతో గడప ముందు ముగ్గు వేసినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

నా దృష్టిలో బోర్డుకి ప్రాణం అంచులో ఉంది, మనవాళ్లకి కలిసొచ్చేది కూడా అక్కడే. ఇక్కడి పాత రాతి శిలువల మీదా, ఇప్పుడు అమ్మే ఉంగరాల మీదా కనిపించే కెల్టిక్ ముడులు చూశారా, ఒక గీత ఇంకో గీత మీద నుంచి, మళ్లీ కింద నుంచి వెళ్తూ ఎక్కడా తెగకుండా తిరుగుతుంది. మొదటిసారి చూడగానే, ఇది మెలికల ముగ్గే కదా అనుకున్నాను. రెండింటికీ చుట్టరికం ఉందని అనడం లేదు, గీసే పద్ధతి మాత్రం మన చేతికి తెలిసిందే.

ఇలా చేయండి. బోర్డు అడుగున ఒకే వరుసలో, సమాన దూరంలో 9 చుక్కలు పెట్టండి. ఒక గీత మొదటి చుక్క పైనుంచి, రెండో చుక్క కిందనుంచి, మూడోదాని పైనుంచి, ఇలా పాములా చివరిదాకా పోనివ్వండి. రెండో గీత దానికి ఎదురు, మొదటి చుక్క కిందనుంచి మొదలు. చుక్కకీ చుక్కకీ మధ్య రెండూ ఒకదాన్నొకటి దాటుతాయి, మొత్తం 8 చోట్ల. ఇంతవరకు ముగ్గే. ఇప్పుడు ప్రతి గీతకీ పక్కనే ఇంకో గీత వేసి, రెండు గీతల రిబ్బన్‌లా చేయండి. దాటేచోట గళ్లుగళ్లుగా గజిబిజి అవుతుంది, అక్కడే ఇయర్ బడ్ పని. పైనుంచి కిందికి దిగే రిబ్బన్‌ని అలాగే ఉంచి, దాని లోపల అడ్డొచ్చిన రెండో రిబ్బన్ గీతల్ని తడి ఇయర్ బడ్‌తో తుడిచేయండి. ఎనిమిది చోట్లా ఇదే సూత్రం, ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ వెళ్తే దిగేది పైన, ఎక్కేది కింద. బడ్ తడి ఎక్కువైతే నీళ్లు కిందికి కారి చార పడుతుంది, ముంచాక వేళ్లతో పిండేయండి. నాలుగో ముడి దగ్గర అనుకుంటా, ఉన్నట్టుండి అది నిజంగా పేనిన తాడులా కనిపించడం మొదలవుతుంది, ఆ క్షణం కోసమే నేను ఏటా ఇది వేస్తాను. పక్కింటి పెద్దావిడ కూడా ఏళ్ల తరవాత మెచ్చుకున్నది ఈ అంచునే.

హార్ప్ (ఐర్లండ్ గుర్తుగా వాడే తంతి వాయిద్యం) వేయాలని ఉంటే చేత్తో ప్రయత్నించకండి, రాదు. కాగితం మీద ప్రింట్ తీసి, కాగితం వెనకవైపు సుద్ద దట్టంగా రుద్ది, బోర్డుకి టేప్‌తో అంటించి, ముందు నుంచి బాల్ పెన్‌తో గీతల మీద గట్టిగా నడపండి. తీసేస్తే లేత అచ్చు పడి ఉంటుంది, దాని మీద దిద్దుకోవడమే. నమూనాకి వెతుక్కోనక్కర్లేదు, మీ పర్సులో మామూలు ఐర్లండ్ యూరో నాణెం ఏది తీసినా, సెంటు నుంచి రెండు యూరోల దాకా అదే హార్ప్ ఉంటుంది. ఒకటి మాత్రం చూసుకోండి, ప్రభుత్వ ముద్రలో హార్ప్ తిన్నని అంచు కుడివైపు ఉంటుంది, ఎడమవైపు ఉంటే అది గిన్నిస్ బీరు గుర్తు. కాగితం తిరగేసి అంటించారంటే పిల్లల వంటింట్లో బీరు కంపెనీ బోర్డు వెలుస్తుంది!

రాత విషయానికి వస్తే, ఇంగ్లిష్‌లో రాస్తే "ప్యాడీస్ డే" అనండి, మధ్యలో రెండు డి అక్షరాలు. పేరు ఐరిష్‌లో పాడ్రిగ్ కాబట్టి ప్యాడీ. టి అక్షరాలతో "ప్యాటీ" అని రాస్తే ఇక్కడివాళ్లు కళ్లు తిప్పుతారు. ఐరిష్‌లో రాస్తే ఇంకా బాగుంటుంది, మార్చి 1 నుంచి 17 వరకు ఐరిష్ భాషా ఉత్సవం కూడా నడుస్తుంది, మీ పిల్లలకి స్కూల్లో నేర్పే ఉంటారు, వాళ్లనే అడగండి. ప్యాట్రిక్స్ డే శుభాకాంక్షలు అనే ఆ వాక్యం చదివితే దాదాపు "లా ఏలె పాడ్రిగ్ సొనా డిచ్" అని వినిపిస్తుంది. రెండో మాట ఎఫ్, హెచ్‌తో మొదలవుతుంది, రెండూ పలకరు. చివరి మాట ఒక్కరికి చెప్పేటప్పుడు డి యు ఐ టి, చాలామందికైతే డి ఏ ఓ ఐ బి హెచ్, దాన్ని "దీవ్" అన్నట్టు పలుకుతారు. నీకు, మీకు లాంటిదే, కాకపోతే గౌరవానికి కాదు, సంఖ్యకి. గోడ మీద అందరి కోసం కాబట్టి రెండోది రాయండి. కొన్ని అచ్చుల మీద ఏటవాలు గీత ఉంటుంది, పేరు ఫాదా, అర్థం పొడుగు అని. మన దీర్ఘం అన్నమాట. అలంకారం అనుకుని వదిలేయకండి, మనం దీర్ఘం మింగేస్తే మాట మారిపోయినట్టే అక్కడా మారుతుంది, షాన్ అనే పేరు మీద ఫాదా తీసేస్తే "ముసలి" అని అర్థం వస్తుంది.

అక్షరాలు ఎడమ నుంచి మొదలుపెడితే చివర్లో చోటు చాలక చీమల్లా ఇరుక్కుంటాయి. లెక్కపెట్టుకుని నడిమి అక్షరం ముందు పెట్టి అటూ ఇటూ వెళ్లండి. కిందికి దిగే గీతలు మాత్రమే రెండుసార్లు దిద్ది లావు చేస్తే కెఫే బయట పెట్టే బోర్డులా ఉంటుంది.

ఐరిష్ కథల్లోని ఆకుపచ్చ టోపీ మరుగుజ్జు, బంగారు కుండ, ఇంద్రధనుస్సు అన్నీ కుక్కాలని పిల్లలు అంటారు. వాళ్లకి విడిగా పలక ఇచ్చేయండి. జెండా వేస్తే నిలువు పట్టీలు, కర్ర వైపు ఆకుపచ్చ, తరవాత తెలుపు, నారింజ, చేతికి అలవాటు కొద్దీ మనది అడ్డంగా వచ్చేస్తుంది జాగ్రత్త. నీలం సుద్ద మిగిలిపోతే అదీ వాడుకోండి, ఒకప్పుడు ప్యాట్రిక్‌కి ముడిపెట్టిన రంగు నీలమే, ఇప్పటికీ ఐర్లండ్ రాష్ట్రపతి జెండా నీలం మీద బంగారు హార్ప్.

వంటింట్లో కాబట్టి పొయ్యి మీద ఏమీ లేనప్పుడు, కింద పాత పేపర్ పరిచి వేయండి, సుద్దపొడి పప్పులో పడుతుంది. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి వేసుకుంటూ రండి, లేకపోతే మీ మోచెయ్యే డస్టర్ అవుతుంది. ఎడమచేతివాటమైతే కుడి నుంచి. నాకు 16 రాత్రి పిల్లలు పడుకున్నాక మొదలుపెడితే రెండు గంటలు పడుతుంది, అందులో అరగంట ఆ ముడుల అంచుకే. అంచు మాత్రం 18న చెరపకండి, 2026లో ఉగాది మార్చి 19న వస్తోంది, మధ్యలో షామ్‌రాక్ తుడిచేసి అదే ఆకుపచ్చ సుద్దతో మామిడాకులు వేసేయండి.