వైరల్ లోడ్ కనపడకపోయినా సిడి4 పెరగట్లేదంటే

కంగారు పడకండి. మీ తమ్ముడు హెచ్‌ఐవీకి మందు వాడుతున్నాడనీ, ఏడాదిగా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) కనపడటం లేదనీ అన్నారు, అంటే మందు పనిచేస్తున్నట్టే. సిడి4 (ఒంట్లో రోగనిరోధక కణాల లెక్క) 260 దగ్గర ఆగడం వేరే సంగతి. మొదట్లో 90 ఉందన్నారుగా. అంత తక్కువలో మందు మొదలెట్టినవాళ్లకి మెల్లగానే పెరుగుతుంది, కొందరికి 500 దాకా రాదు కూడా.

సిడి4 కణాలు ముఖ్యంగా సిడి8 కణాలకీ, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకీ పని పురమాయిస్తాయి. సిడి8లు వైరస్ సోకిన కణాల్ని చంపుతాయి. కానీ నిద్రాణంగా ఉన్న సిడి4 కణాల్లో నక్కిన వైరస్‌ని గుర్తుపట్టలేవు. మందు ఆపితే కొన్ని వారాల్లోనే అక్కణ్నుంచి మళ్లీ లేస్తుంది, అందుకే ఒక్క మాత్రా తప్పొద్దు.

ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే ఏఆర్‌టీ సెంటర్లో (హెచ్‌ఐవీ మందులిచ్చే చోట) చెప్పండి, అవి డొల్యుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందుని ఒంటికి సరిగా పట్టనివ్వవు. దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే టీబీ పరీక్ష కూడా అడగండి.