మనిషి కంటే ముందు గిన్నెను అడుగు

చి. సౌమ్యకు,

అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నామీద విరుచుకుపడ్డాడు. "ఎండీ చేసిన పిల్ల హాయిగా ఆస్పత్రిలో కూర్చుని పేషెంట్లను చూసుకోక, ఎక్కడ ఎవరికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే అక్కడికి పరిగెత్తే ఉద్యోగంలో చేరుతోంది. అంతా నీ పోలికే" అన్నాడు. పోలిక అన్నందుకు లోపల పొంగిపోయాను. వాడికి తెలియనివ్వలేదులే. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నీకేదో జబ్బు అంటుకుంటుందని కాదు. చేతులు కడుక్కోమని నీకు నేను చెప్పక్కర్లేదు. (చెప్తున్నాను, కడుక్కో. సబ్బుతో. శానిటైజర్ రాసుకుని సరిపెట్టకు.) నా భయం వేరే. అది ఫోన్లో చెప్పేది కాదని రాస్తున్నాను.

ముందు నీకు తెలిసినవి గబగబా అనేస్తాను. యాంటీబయాటిక్ పడకముందే శాంపిల్ తీయించు. క్యారీ-బ్లేయర్ ట్యూబులు (శాంపిల్ ల్యాబుకి చేరేదాకా క్రిమిని బతికించేవి) అవసరం అనుకున్నవాటికి రెట్టింపు పట్టుకెళ్ళు. బయల్దేరకముందే ఫోన్ చేసి, మిగిలిన పదార్థాలు పారేయొద్దనీ వంటగది కడగొద్దనీ చెప్పు. తనిఖీకి ఎవరో వస్తున్నారనగానే జనం ముందు తీసేది ఫినాయిల్ సీసానే. పీసీఆర్ ప్యానెల్, అంటే క్రిముల జన్యువుల్ని వెతికే పరీక్ష, పాజిటివ్ వచ్చింది కదా అని ల్యాబు వాళ్ళు శాంపిల్ పక్కన పడేస్తే ఊరుకోకు, కల్చర్ చేయమని, అంటే క్రిమిని ప్లేటు మీద పెంచి చూడమని పోట్లాడు. ప్యానెల్ 'సాల్మొనెల్లా ఉంది' అని, అంటే ఆహారంతో కడుపులో చేరే ఆ బ్యాక్టీరియా పేరు మాత్రం చెప్పి ఊరుకుంటుంది. ఏ సాల్మొనెల్లానో తెలియాలంటే క్రిమి బతికి చేతికి రావాలి.

కేస్ డెఫినిషన్ (ఎవరిని రోగిగా లెక్కపెట్టాలన్న నిర్వచనం) మొదట్లో కాస్త వదులుగా పెట్టుకో, తర్వాత బిగించవచ్చు. లైన్ లిస్టులో, అంటే రోగుల పట్టికలో, జబ్బు మొదలైన తేదీ ఒక్కటే రాసుకొచ్చావంటే మాత్రం నా ఎదుటికి రాకు. గంట కావాలి. సాల్మొనెల్లా తిన్న 6 గంటల నుంచి 6 రోజుల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు, ఎక్కువమందిలో 12 నుంచి 36 గంటల మధ్య. గంటలవారీగా గళ్ళ కాగితం మీద ఎంతమంది పడ్డారో నింపుకుంటూ వెళ్ళు. ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడిపోయే గుట్ట కనిపిస్తే అందరూ ఒక పూట, ఒకచోట తిన్నదేదో కారణం. అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకుంటే ఏ పూటో దాదాపు దొరుకుతుంది. కాగితం మీద ఎందుకు, కంప్యూటర్ గీస్తుంది కదా అంటావు. గీస్తుంది. కానీ చేత్తో ఒక్కొక్క గడీ నింపుతుంటే 'ఈ ఒక్కడు రెండు రోజులు ముందే ఎలా పడ్డాడు?' అన్న అనుమానం వస్తుంది చూడు, ఆ ఒక్కడి కోసం నింపమంటున్నాను.

బాగున్నవాళ్ళను కూడా అడుగు. ఇది మర్చిపోవడం చాలా తేలిక, ఎందుకంటే మూలుగుతున్నవాళ్ళే కంటికి ఆనతారు. జబ్బుపడ్డవాళ్ళలో నూటికి తొంభైమంది నీళ్ళు తాగారని తేలితే ఏం లాభం? పడనివాళ్ళూ అంతమందే తాగి ఉంటారు. తిన్నవాళ్ళలో ఎంతమంది పడ్డారు, తిననివాళ్ళలో ఎంతమంది పడ్డారు అన్న రెండు అంకెలూ పక్కపక్కన పెట్టనిదే ఏ పదార్థం మీదా వేలు చూపించకు.

ఇక నా సంగతికి వస్తాను. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

నాకు ఉద్యోగం వచ్చిన నాలుగో ఏడు. ఒక శిక్షణ సంస్థ హాస్టల్లో శుక్రవారం రాత్రి నుంచి పిల్లలు వరసగా పడిపోయారు. జ్వరం, కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు. మేం వెళ్ళేసరికి ఆదివారం మధ్యాహ్నం. వంటగది అద్దంలా మెరుస్తోంది. గిన్నెలు తోమేశారు, మిగిలినవి పారేశారు, శాంపిల్ తీయడానికి గరిటెడు పదార్థం లేదు. ఉత్త చేతులతో తిరిగి వెళ్ళలేక వంటగదిలో పనిచేసే ఏడుగురి స్టూల్ శాంపిల్సూ తీసుకున్నాం. గురువారానికి పిల్లల శాంపిల్స్‌లో సాల్మొనెల్లా పెరిగింది. కూరగాయలు తరిగే ఒక పెద్దావిడ శాంపిల్‌లోనూ పెరిగింది. ఆ ప్లేటు చూసి నేనెంత సంబరపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా దగ్గర అప్పుడు పాలీవాలెంట్ యాంటీసీరం (చాలా రకాల సాల్మొనెల్లాని కలిపి ఒకేసారి పట్టే పరీక్ష ద్రవం) ఒక్కటే ఉండేది. సాల్మొనెల్లా అవునా కాదా అన్నంతవరకే అది పనికొచ్చేది. సీరోటైప్, అంటే అందులో ఏ రకమో, తేలాలంటే ఐసొలేట్లను (శాంపిల్ నుంచి వేరుచేసి పెంచిన క్రిముల్ని) రెఫరెన్స్ ల్యాబుకి పంపి వారాల తరబడి ఎదురుచూడాలి. సాల్మొనెల్లాలో 2,500కి పైగా సీరోటైపులున్నాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా పైవాళ్ళు రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తున్నారు, పత్రికలవాళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు. 'మూలం: వంటగది సిబ్బందిలో ఒకరు' అని రాసి సంతకం పెట్టేశాను. ఆ సాయంత్రమే ఆవిణ్ణి పంపించేశారు.

తర్వాతి వారమే, అంటే మొదటిసారికి సరిగ్గా రెండు వారాలకి, మళ్ళీ శుక్రవారం రాత్రి అదే హాస్టల్లో ఇంకో ఇరవైమంది పడిపోయారు. ఆవిడ అక్కడ లేదు.

మొదటి ఆదివారం చేయాల్సిన పని అప్పుడు చేశాను. పడ్డవాళ్ళనీ పడనివాళ్ళనీ కూర్చోబెట్టి పూటపూటా ఏం తిన్నారో రాసుకున్నాను. పచ్చి గుడ్డు గిలక్కొట్టి, పొయ్యిమీద పెట్టకుండా చేసే ఒక తీపి పదార్థం దగ్గర అంకెలు విడిపోయాయి. వారం విడిచి వారం, శుక్రవారం మధ్యాహ్నం పెడతారట. దాన్ని చేసేది వేరొకరు, కూరగాయలు తరిగే ఆవిడ ఆ గిన్నె ముట్టుకోనే లేదు. ఆ తర్వాతి వారం సీరోటైప్ రిపోర్టు వచ్చింది. పిల్లలందరిదీ ఎంటెరిటిడిస్ అనే రకం, ఆవిడది ఇంకేదో. ఏ లక్షణమూ లేకుండా కొందరు వారాల తరబడి క్రిమిని విసర్జిస్తుంటారు. ఆ రోజు వెతికాం కాబట్టి ఆవిడ దొరికింది, అంతే.

రిపోర్టు దిద్దాను. ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి చెప్పాను కూడా. అంతా విని, "నాలో ఉన్న పురుగు వేరేదటగా, మరి నా పని నాకెప్పుడిస్తారమ్మా?" అంది. అప్పటికే ఆ పనిలో ఇంకొకరిని పెట్టుకున్నారు. నా దగ్గర జవాబు లేదు.

అసలు తప్పు తొందరపాటు అనుకుంటే పొరపాటే సౌమ్యా. నా బుర్రలో ఉన్నది మేరీ మాలన్ కథ. న్యూయార్కులో వంటలు చేసిన ఆవిడ, తనకేమీ లేకుండానే టైఫాయిడ్ పంచిన మనిషి. జార్జ్ సోపర్ అనే పరిశోధకుడు ఆమె జాడ పట్టిన కథ మా ప్రొఫెసర్లు డిటెక్టివ్ కథలా చెప్పేవారు. 1907లో ఒకసారి, 1915లో మరోసారి పట్టుకెళ్ళి, 1938లో చనిపోయేదాకా మొత్తం దాదాపు 26 ఏళ్ళు ఒంటరిగా ఉంచారు. వంట చేయనని మాటిచ్చి మళ్ళీ వంటకెళ్ళింది, నేనేం వెనకేసుకు రావడం లేదు. కానీ ఆమె కాలంలోనే న్యూయార్కులో దొరికిన క్యారియర్లు (జబ్బు లేకుండా క్రిమిని మోసేవాళ్ళు) ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళనెవరినీ అన్నేళ్ళు బంధించలేదు. సరే, ఆ కథ నన్ను ఎక్కడ దెబ్బతీసిందంటే, టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీకి మనిషి తప్ప వేరే ఆవాసం లేదు, కాబట్టి టైఫాయిడ్‌కి మనిషిని వెతకడం న్యాయం. ఎంటెరిటిడిస్, టైఫిమ్యూరియం లాంటి మిగతా సాల్మొనెల్లాలు కోళ్ళలో, పశువుల్లో, తాబేళ్ళలో, ఎక్కడెక్కడో ఉంటాయి. వాటికి ముందు వెతకాల్సింది పదార్థాన్ని. నేను టైఫాయిడ్ కళ్ళతో గుడ్డు జబ్బుని చూశాను. సీరోటైప్ కలిసినా కూడా వంటమనిషిని ముద్దాయి అనుకోకు. వండేవాళ్ళు రుచి చూస్తారు, మిగిలింది తింటారు, అందరితోపాటు వాళ్ళూ పడతారు. వాళ్ళకి ముందు మొదలైందా తర్వాతా అన్నది నీ లైన్ లిస్టులోని గంటలే చెప్పాలి. అందుకే ఇందాక గంటల గురించి అంత గట్టిగా అరిచాను.

పదార్థం విషయంలోనూ తొందరపడకు. 2008లో అమెరికాలో సెయింట్‌పాల్ అనే సాల్మొనెల్లా సీరోటైప్ 1,400 మందికి పైగా సోకింది. ముందు టమాటాలన్నారు, జూన్లో దేశమంతా ఫలానా రకాలు తినొద్దన్నారు, రైతుల పంట కుళ్ళిపోయింది. చివరికి తేలింది హలపెన్యో, సెరానో మిరపకాయలని. రోగులు అబద్ధం చెప్పలేదు. టమాటా తిన్నట్టు గుర్తుంది, దాంతోపాటు సన్నగా తరిగి కలిపిన మిరప ముక్కలు గుర్తులేవు. కాబట్టి 'ఏం తిన్నారు' అని అడిగి వచ్చేయకు. వంట చేసినవాళ్ళ పక్కన కూర్చుని అందులో ఏమేం పడ్డాయో చివరి చిటికెడు దాకా రాసుకో. సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో బిల్లులు చూడు, తెచ్చిన బండిని కూడా చూడు. 1994లో అమెరికాలోనే సాల్మొనెల్లా చేరిన ఐస్‌క్రీమ్ వల్ల 2,24,000 మంది పడ్డారని అంచనా వేశారే, అక్కడ పాశ్చరైజ్ చేసిన మిశ్రమం ఎక్కిన ట్యాంకర్లు అంతకుముందు పచ్చి గుడ్డు సొన మోసినవి!

ఇప్పుడు మీకు జీనోమ్ సీక్వెన్సింగ్, అంటే క్రిమి డీఎన్‌ఏ మొత్తం చదివే పద్ధతి ఉంది. 1996లో పల్స్‌నెట్ (క్రిముల ఆనవాళ్ళు పోల్చుకునే అమెరికా ల్యాబుల బృందం) మొదలైనప్పుడు జెల్ మీద డీఎన్‌ఏ గీతలు పోల్చి చూసుకునేవాళ్ళు, 2019 నాటికి అమెరికాలో సీక్వెన్సింగే ప్రామాణికమైంది. అది ఆ రోజు నా దగ్గర ఉండి ఉంటే అనుకుంటాను. కానీ ఈ ఐసొలేట్లన్నీ ఒకే కుటుంబం అని చెప్పడం వరకే దాని పని. ఎవరేం తిన్నారో దానికి తెలియదు, నువ్వెళ్ళి అడగాల్సిందే.

నా పాత నోట్‌బుక్ ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. ఆ హాస్టల్ పేజీలో ఆవిడ పేరు ఉండేది, ఇంకొకరి కంట పడకూడదని నల్ల సిరాతో కొట్టేశాను. మిగతాదంతా చదువుకో. చేతిరాత అర్థం కాకపోతే మీ నాన్నని అడుగు, చిన్నప్పుడు నా హోంవర్కు కాపీ కొట్టింది వాడే.

నీ మొదటి ఎక్స్‌ఎల్‌డీ ప్లేటు (సాల్మొనెల్లా నల్ల చుక్కలుగా కనిపించే కల్చర్ ప్లేటు) ఫొటో నాకు పంపడం మర్చిపోకు. నల్ల చుక్కలు చూడగానే ఎగిరి గంతేయకు, ప్రోటియస్, సిట్రోబ్యాక్టర్ అనే వేరే బ్యాక్టీరియా కూడా నలుపు చూపించి మోసం చేస్తాయి. కళ్ళజోడు ఈమధ్యే మార్చాను, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది.

నీ అత్తయ్య