మూడు ఇంజెక్షన్లు అయ్యాక మళ్లీ పెన్సిలిన్ ఎందుకు?

"సిఫిలిస్ అనే సుఖవ్యాధికి బెంజథిన్ పెన్సిలిన్ మూడు వారాలు వేయించాం, మళ్లీ పెన్సిలిన్ కోసమే అన్నయ్యను 14 రోజులు ఆసుపత్రిలో ఉంచాలా?" అని అడిగారు. ఉంచాలండీ. పేరు ఒకటే గానీ తీరు వేరు. బెంజథిన్ కండరంలో నిలిచి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి సరిపడా చేరదు. నడుము నుంచి తీసిన ఆ ద్రవంలోనే సిఫిలిస్ బయటపడింది కాబట్టి, క్రిస్టలైన్ పెన్సిలిన్‌ను నాలుగు గంటలకోసారి 30–40 లక్షల యూనిట్ల చొప్పున నరంలోకి 10–14 రోజులు ఎక్కిస్తారు. అర్ధరాత్రి మోతాదు కూడా తప్పకూడదు, ఇంట్లో అది అయ్యే పనేనా?

చిన్నప్పుడు పెన్సిలిన్‌తో దద్దుర్లు వచ్చాయన్నారు. ఈ మాట డాక్టరుకు మొదటే చెప్పండి. అలర్జీ నిజమేనని తేలితే, చిన్న మోతాదులతో శరీరాన్ని అలవాటు చేసి ఇదే మందు ఇవ్వవచ్చు. కొందరికి సెఫ్ట్రియాక్సోన్ అనే మరో యాంటీబయాటిక్ వాడతారు. మొదటి 24 గంటల్లో చలిజ్వరం, తలనొప్పి వస్తే నర్సుకు చెప్పండి, కానీ మందు మీరే ఆపించకండి. క్రిములు చస్తున్నప్పుడు అలా వస్తుంది. ఆయాసం, దద్దుర్లు మాత్రం వేరే సంగతి, వెంటనే పిలవాలి.

తర్వాత చూడవలసింది ఆర్‌పీఆర్ అనే సిఫిలిస్ రక్తపరీక్షలో అంకె తగ్గుతోందా అని. టీపీహెచ్‌ఏ అనే మరో సిఫిలిస్ రక్తపరీక్ష నయమయ్యాక కూడా సాధారణంగా పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని చూసి హడలిపోకండి. అన్నయ్యకు హెచ్‌ఐవీ పరీక్ష, వదినగారికి సిఫిలిస్ రక్తపరీక్ష చేయించారా?