ఆ అన్నయ్య కథ రాయి

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మూడో పేజీ చివర, మొగుణ్ణి వదిలి పుట్టింటికి వచ్చేసిన చెల్లెలు రాత్రి పడుకోబోయే ముందు వదినని అడుగుతుంది: "వదినా, ఫ్యాన్ వేసుకోనా?" తను పుట్టి పెరిగిన గది అది. ఆ స్విచ్ తన చేత్తో ఎన్ని వేలసార్లు వేసి ఉంటుందో. ఆ వాక్యం దగ్గర నేను కాసేపు చదవలేకపోయాను. ఈ ఉత్తరం రాయించింది కూడా అదే.

నువ్వేమో దాన్ని దాటేసి, తర్వాతి పేరాలోనే మళ్లీ ఆ తాగుబోతు భర్త దగ్గరికి పరిగెత్తావు. అక్కడే నాకు నీ మీద కోపం వచ్చింది.

ఆ భర్త తాగుతాడు, కొడతాడు, కట్నం కోసం వేధిస్తాడు, చివరికి ఆమె డైరీలు కూడా తగలబెడతాడు. అలాంటివాళ్లు లేరని నేననను. గృహహింస చట్టం 2005లో ఊరికే రాలేదు, దాని వెనక ఎందరో ఆడవాళ్ల ఒళ్లు హూనమైంది. కానీ నీ కథలో అతను ఎందుకున్నాడో ఆలోచించు. అతన్ని చూసి, చదివే ప్రతి మగవాడూ "నేనలాంటివాణ్ణి కాదు" అని ఊపిరి పీల్చుకుంటాడు. రాసిన నువ్వూ అలాగే పీల్చుకున్నావని నా అనుమానం. అంత చెడ్డవాణ్ణి ఒకణ్ణి మధ్యలో నిలబెడితే మిగతా అందరం మంచివాళ్లమైపోతాం.

2019లో కేంద్ర ప్రభుత్వం మన దేశంలో జనం రోజుని ఎలా గడుపుతున్నారో సర్వే చేయించింది. ఆరేళ్లు దాటినవాళ్లలో, సొంత ఇంటి పని చేసిన మగవాళ్లు నూటికి 26 మంది. ఆడవాళ్లు 81 మంది. చేసినవాళ్లలో కూడా ఆడవాళ్లకి పట్టిన సమయం రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లకి 97. మిగిలిన ఆ 74 మంది మగవాళ్లూ తాగుబోతులా? కొట్టేవాళ్లా? కాదు. చాలామంది మంచివాళ్లు. అసమానత నడుస్తున్నది ఎక్కువగా మంచివాళ్ల చేతుల మీదుగానే. నేను ఇన్నేళ్లుగా రాస్తున్నదీ, అరుస్తున్నదీ ఇదొక్కటే. ఫెమినిస్టు కథ రాయాలనుకునేవాడు ముందు మంచివాడి గురించి రాయాలి.

నీ కథలో మంచివాడు ఉన్నాడు. ఆ అన్నయ్య. రాత్రికి రాత్రి బస్సెక్కి వెళ్లి చెల్లెల్ని తీసుకొస్తాడు. గుమ్మంలో నిలబడి, "ఈ ఇంట్లో నీకెప్పుడూ చోటుంటుందమ్మా" అంటాడు. నువ్వు ఆ మాటకి పాఠకుడి కళ్లు చెమర్చాలనుకున్నావు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ ఇల్లు తాతల నాటిదని నువ్వే రాశావు. చోటు ఇవ్వడానికి ఆయనెవరు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ హక్కు వచ్చింది, అప్పటికి పెళ్లి కానివాళ్లకి. 2005లో దేశమంతటికీ వచ్చింది, పెళ్లయినా కాకపోయినా. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి నీ కథలో ఆ పిల్ల వాటా ఏమైంది? పెళ్లప్పుడు ఏదో ఇచ్చాం కదా అని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించి ఉంటారు. అన్నయ్య ప్రేమగా పెన్ను అందించి ఉంటాడు. ఆమె కూడా ప్రేమగానే పెట్టి ఉంటుంది. వాటా అడిగిన ఆడపిల్లకి పుట్టిల్లు ఉండదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇప్పుడు ఆ ఫ్యాన్ వాక్యం మళ్లీ చదువు. ఆమె ఎందుకు అడిగిందో నీ కలానికి తెలిసింది, నీకు తెలియలేదు.

మంచివాళ్ల సంగతి సాహిత్యంలోనూ ఇంతే. వీరేశలింగం గారి కంటే మంచివారిని ఎక్కడ తెస్తాం? 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించడానికి ఆయన ఎంత వ్యతిరేకతని తట్టుకున్నారు! ఆడపిల్లల చదువు కోసం ఎంత కష్టపడ్డారు! అదే మనిషికి, తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని అనే కవయిత్రి తన కావ్యం 'రాధికా సాంత్వనము'లో రాసిన శృంగారం భరించరానిదైంది. స్త్రీ నోట రాకూడని మాటలన్నారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. 1910లో ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో అచ్చు వేయించి, సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకి లేదా అని ముందుమాటలో నిలదీసింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం అశ్లీలమంటూ ఆ పుస్తకం మీద పడింది. వీరేశలింగం గారిని తిట్టమని ఇది చెప్పడం లేదు. ఆయనంటే నాకు గౌరవం. స్త్రీ చదువుకోవాలి అన్నంతవరకూ తోడొచ్చిన మనిషి, చదువుకున్న స్త్రీ తన కోరిక గురించి తనే రాసుకునేసరికి ఆగిపోయాడే, ఆ ఆగిన చోటు మీద నీ కళ్లుండాలి.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పత్రికకి కథ పంపాను. అందులో భర్త కొట్టడు, తిట్టడు. భార్య రాసుకుంటుంటే ఇంటికొచ్చినవాళ్లతో "ఏదో కాలక్షేపానికి రాస్తుంటుంది లెండి" అని ముద్దుగా చెప్తుంటాడు. అంతే కథ. ఆ సంపాదకుడు అభ్యుదయవాదిగా పేరున్నవాడు. కథ తిప్పి పంపుతూ, ఇందులో సమస్య ఏముందమ్మా, ఒక్క చెంపదెబ్బ పెట్టండి వేసుకుంటాం అని రాశాడు. నేను పెట్టలేదు. ఆ కథ ఏళ్ల తరబడి నా దగ్గరే పడి ఉంది. చివరికి ఒక చిన్న పత్రిక వేసుకుంది. ఆడవాళ్లు ఉత్తరాలు రాశారు. ఒకావిడ మా ఆయన కూడా ఇదే మాట అంటాడు అని ఒక్క లైను రాసి, కింద సంతకం కూడా పెట్టలేదు. మగవాళ్లు మాత్రం, ఇది మీ సొంత కథేనా, మీ వారికి తెలుసా అని అడిగారు. మగవాడు రాస్తే కల్పన, ఆడది రాస్తే ఇంటి గుట్టు! ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

ఇప్పటి సంపాదకులు చెంపదెబ్బ అడగడం లేదు, నిజమే. మార్చి 8 మహిళా దినోత్సవం ప్రత్యేక సంచికకి "పవర్‌ఫుల్" కథ కావాలంటున్నారు. ఏప్రిల్‌లో ఆడవాళ్ల కథలకి పేజీలుండవు. హీరోయిన్ చివర్లో ఒక డైలాగ్ కొట్టి సూట్‌కేస్ పట్టుకుని వెళ్లిపోతే చాలట. ఆ మర్నాడు ఆమె ఎక్కడ ఉంటుంది, అద్దె ఎవరు కడతారు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు? అవి ఎవరికీ అక్కర్లేదు. నువ్వు కనీసం ఆ మర్నాటి దాకా వచ్చావు.

ఇంకొకటి. నీ కథలో ఆ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ "పనిమనిషి" అనే. నీ కథానాయిక ఆమెతో మాట్లాడదు, ఆమె కోసం పక్కకి కూడా తప్పుకోదు. నేను మంచివాళ్లన్నది మగవాళ్లనే కాదు. స్త్రీవాద కవిత్వం జోరుగా వచ్చిన రోజుల్లో దళిత స్త్రీలు మమ్మల్ని అడిగింది ఇదే: మీ వంటింటి బాధలు సరే, మా పొలం, మా కూలి, మా కులం మీ కవితల్లో ఎక్కడ? ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. గోగు శ్యామల, జూపాక సుభద్ర రాసినవి సంపాదించి చదువు. తర్వాత ఆ ఆవిడకి ఒక పేరు పెట్టు, ఆమెకి ఇస్తున్న జీతం ఎంతో రాయి.

పోటీకి పంపాలా, మగవాడు స్త్రీవాదం రాయొచ్చా, పుస్తకం ఎప్పుడు వేసుకోవాలి అని చాలా అడిగావు. అవన్నీ తర్వాత.

ముందు భర్తని రెండు వాక్యాలకి కుదించు. అన్నయ్య చేతే కథ చెప్పించు, "నేను" అని. ఆయన ఎంత మంచివాడో అంత మంచివాడిగానే ఉంచు, ఎక్కడా ఎగతాళి చేయకు. సంతకం రోజు తప్పకుండా ఉండాలి. ఆ ఆఫీసు నీకు తెలియకపోతే ఒక పూట వెళ్లి బల్ల మీద కూర్చో. సంతకాలు పెట్టే అక్కచెల్లెళ్లు వస్తారు, వాళ్ల పక్కన అన్నదమ్ములుంటారు. ఎవరు ఎవరి వైపు చూస్తున్నారో గమనించి రాయి. రాశాక నాకు పంపు. మార్చి సంచికకి మాత్రం వద్దు.

ఆశీస్సులతో,
నీ అమ్మమ్మ వయసు రచయిత్రి