చావు గురించి చదివే అమ్మాయి, భయపడే నాన్న

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. సైకాలజీ మొదటి సంవత్సరంలో ఉంది. ఇంటర్‌లో బైపీసీ చదివింది. నీట్‌లో సీటు రాకపోవడంతో డిగ్రీలో సైకాలజీ తీసుకుంది. ఇర్విన్ యాలమ్ అనే అమెరికా ప్రొఫెసర్ పుస్తకాలు చదివినప్పటి నుంచి అస్తిత్వవాద, మానవతావాద చికిత్సలో పీహెచ్‌డీ చేసి తానూ ప్రొఫెసర్ అవుతానంటోంది. అమెరికా పంపడం మంచిదా, ఇక్కడే ఎం.ఫిల్. చేయించడం మంచిదా పోల్చి చెప్పండి. ఆమెకు తెలియకుండా నోటు పుస్తకం చూశాను. పేజీల నిండా చావు, ఒంటరితనం, అర్థరాహిత్యం అని రాసుకుంది. ఇవి చదివితే మనసు పాడవదా? బంధువులు అడిగితే ఏం చదువుతోందని చెప్పాలి?
ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమెరికా గురించి అడిగినంతసేపూ మీ రాత నిబ్బరంగా ఉంది. నోటు పుస్తకం దగ్గరికి వచ్చేసరికి రెండు మాటలు కొట్టేసి మళ్లీ రాశారు. ఎన్నో ఏళ్లుగా తల్లిదండ్రుల ఉత్తరాలు చదువుతున్నాను. కోర్సుల పోలిక అడిగే ఉత్తరంలో అసలు ప్రశ్న చాలాసార్లు ఇలా చివర్లోనే ఉంటుంది. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను.

ఆ పేజీల్లో ఉన్నవి చాలావరకు పాఠం నోట్సులాగే కనిపిస్తున్నాయి. యాలమ్ 1980లో అస్తిత్వవాద చికిత్స మీద, అంటే మనిషి ఉనికికి సంబంధించిన ప్రశ్నలను ఎదుర్కోవడానికి తోడ్పడే చికిత్స మీద, ఒక పెద్ద పాఠ్యగ్రంథం రాశారు. మనిషి తప్పించుకోలేని సత్యాలు నాలుగు అంటారాయన: మృత్యువు, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థరాహిత్యం. ఆ గ్రంథం మొత్తం ఈ నాలుగింటి మీదే నిలబడింది. మీరు నాకు రాసిన మూడు మాటలూ అందులోవే. మిగిలిన ఒక్క మాట, స్వేచ్ఛ, ఆ పేజీల్లోనే ఎక్కడో ఉండి ఉంటుంది. భయపడుతూ చూసిన కంటికి అది ఆనలేదు. వైద్య విద్యార్థి నోటు పుస్తకంలో కేన్సర్ అనే మాట వందసార్లు ఉంటుంది. అది చూసి ఆ విద్యార్థికి కేన్సర్ వచ్చిందని మీరు అనుకోరు కదా.

అయినా ఇంత దూరం నుంచి మీ అమ్మాయికి ఏ బాధా లేదని నేను చెప్పలేను. అది ఆమెనే అడగాలి. నిద్ర, తిండి తగ్గాయా, స్నేహితులకు దూరంగా ఉంటోందా, బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా అందా, గమనించండి. అనుమానం ఉంటే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయపడనక్కర్లేదు. అవసరమనిపిస్తే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఎం.ఏ. చదివే అమ్మాయి నోటు పుస్తకాన్ని ఆమెకు తెలియకుండా తెరిచారు. అందులో కనిపించినదాని గురించి ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎన్నడూ చూడని నాకు మాత్రం పూసగుచ్చినట్టు రాశారు. నీట్ సంగతి కూడా నన్నడిగితే ఈ ఉత్తరంలో అక్కర్లేదు. ఆమె సైకాలజీలో డిగ్రీ పూర్తి చేసింది, పీజీలో చేరింది, ఒక శాస్త్రంలో తనకు నచ్చిన శాఖను పేరు పెట్టి చెప్పగలుగుతోంది. మీరు ఇంకా ఆ పరీక్ష హాలు బయటే నిలబడి ఉన్నారు. బంధువులకు ఏం చెప్పాలని అడిగారు. ఎం.ఏ. సైకాలజీ చదువుతోందని చెప్పండి. అంతకు మించి వాళ్లకు సంజాయిషీ ఇవ్వవలసిన బాకీ మీకు లేదు.

ఇక ఆమె కోరిక గురించి. ఇక్కడ ఆమెకూ కొన్ని సంగతులు తెలియాలి. ఈ జవాబు ఆమె చేత కూడా చదివించండి.

యాలమ్ మొదట డాక్టరు. 1931లో వాషింగ్టన్‌లో పుట్టారు. రష్యా నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులు అక్కడ కిరాణా దుకాణం నడిపేవారు. ఆయన బోస్టన్‌లో వైద్యవిద్య పూర్తి చేసి, జాన్స్ హాప్కిన్స్‌లో సైకియాట్రీ శిక్షణ పొంది, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో సైకియాట్రీ ప్రొఫెసర్ అయ్యారు. జీవితానికి అర్థం వెతకడాన్నే చికిత్సగా మలిచిన వియన్నాలోని విక్టర్ ఫ్రాంకల్ కూడా నాడీ, మానసిక వైద్యుడే. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బయటపడినవాడు. అమెరికాకు అస్తిత్వవాద మనోవిజ్ఞానాన్ని పరిచయం చేసిన రోలో మే మొదట మతశాస్త్రం చదివారు, తర్వాత క్షయ బారినపడి సారనాక్ లేక్ శానిటోరియంలో ఉన్నారు. మందులు అంతగా లేని ఆ కాలంలో బతుకుతానో లేదో తెలియని స్థితిని స్వయంగా చూసి, 1949లో కొలంబియాలో పీహెచ్‌డీ పొందారు. ఆ మరుసటి ఏడాది ఆయన ప్రచురించిన గ్రంథం ఆందోళన మీదే.

నాకు అందరికన్నా ఇష్టమైన ఉదాహరణ కార్ల్ రోజర్స్. మానవతావాద చికిత్సకు, అంటే ఎదుటి మనిషి చెప్పేది శ్రద్ధగా వినడమే ప్రధానమైన పద్ధతికి, ఆయన మూలపురుషుల్లో ఒకరు. వ్యవసాయశాస్త్రంలో చేరారు, చరిత్రకు మారారు, మత పాఠశాలకు వెళ్లారు, అక్కడి నుంచి సైకాలజీకి వచ్చారు. 1928 నుంచి 1940 దాకా, అంటే పన్నెండేళ్లు, రోచెస్టర్‌లో పిల్లల సంరక్షణ సంస్థలో పనిచేశారు. నేరాలు చేసి దొరికిన పిల్లలు, ఇళ్లలో దెబ్బలు తిన్న పిల్లలు, ఏం చేయాలో తోచని తల్లులు రోజూ ఆయన ముందు కూర్చునేవారు. తన ఊహలు తప్పడం, తల్లి చెప్పింది వింటే దారి దొరకడం ఆయన అక్కడే నేర్చుకున్నారు. ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పదవి ఆ తర్వాతే వచ్చింది. ఒక వ్యక్తికి చేసిన చికిత్సలోని సంభాషణలను మొదటి నుంచి చివరి దాకా యంత్రంతో రికార్డు చేయించి, 1942లో అక్షరం వదలకుండా అచ్చు వేయించారు. అంతవరకు థెరపీ గదిలో ఏం జరుగుతుందో బయటివారికి చికిత్సకుడి జ్ఞాపకం ద్వారానే తెలిసేది. తన పనిని అలా నలుగురి ముందు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుస్తుంది. మీ అమ్మాయి ప్రొఫెసర్ కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఈ శాఖలో ప్రొఫెసర్ చెప్పే పాఠానికి బలం వచ్చేది ఆ రోచెస్టర్ సంవత్సరాల నుంచే.

నాకున్న సందేహాలు కూడా దాచను. ఇప్పుడు అర్థవంతమైన జీవితం, అసలైన నేను వంటి మాటలకు మంచి గిరాకీ ఉంది. వారాంతాల్లో ఆన్‌లైన్ పాఠాలు, చివర ఒక సర్టిఫికెట్. అది తీసుకుని వచ్చి, క్లయింట్లను చూడవచ్చా అని నన్ను అడిగే పిల్లలు పెరుగుతున్నారు. అలాంటి కోర్సు ఎవరినీ క్లినికల్ సైకాలజిస్టును చేయదు. మన దేశంలో ఆ హోదాకు రిహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన శిక్షణ, నమోదు ఉండాలి. ఎదుటివారి మాటల్లో ఆత్మహత్య ఆలోచన ఎక్కడుందో పట్టుకోలేని మనిషి జీవితానికి అర్థం గురించి సంభాషణ మొదలుపెట్టడం ప్రమాదం. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. రోజర్స్ విస్కాన్సిన్‌లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారితో పెద్ద పరిశోధన చేపట్టారు. ఫలితాలు ఆశించినంతగా రాలేదు. ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో డిప్రెషన్ ఉన్న 510 మందితో జరిగిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. రోజర్స్ సంప్రదాయంలోని చికిత్స ఆరు నెలల దగ్గర సీబీటీకి, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే చికిత్సకు, తీసిపోలేదు. ఏడాది దగ్గర మాత్రం సీబీటీదే పైచేయిగా కనిపించింది. అంటే మీ అమ్మాయి సీబీటీ కూడా శ్రద్ధగా నేర్చుకోవాలి. అస్తిత్వవాదం చదివేవారిలో కొందరు దాన్ని చిన్నచూపు చూస్తారు. అది వద్దు.

అలాగని ఇది కాలం చెల్లిన దారి కూడా కాదు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ కేన్సర్ ఆసుపత్రిలో విలియం బ్రైట్‌బార్ట్ అనే మానసిక వైద్యుడు ఫ్రాంకల్ ఆలోచనల ఆధారంగా, ముదిరిన కేన్సర్ ఉన్నవారి కోసం ఒక చికిత్సను రూపొందించి పరీక్షించారు. చావు దగ్గరపడిన మనిషికి ఆలోచనలు మార్చుకోమని చెప్పడం కన్నా, మిగిలిన రోజుల్లో తనకు ఏది ముఖ్యమో మాట్లాడుకునే చోటు ఇవ్వడమే అక్కరకొస్తుంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో నయం కాని రోగుల బాధ తగ్గించే పాలియేటివ్ సేవల విభాగం ఉంది. నోటు పుస్తకంలోని ఆ మాటలకు మన గడ్డ మీద పని ఉండేది ఇలాంటి చోట్లే.

నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది మరొకటి ఉంది. ఈ పద్ధతి ఒంటరి మనిషిని ముందు పెట్టుకుని పుట్టింది. మన దగ్గర థెరపీ గదిలోకి మనిషి ఒక్కరే వచ్చినా, వెనకాలే అత్తగారు, అప్పులు, చెల్లెలి పెళ్లి వస్తాయి. నీ స్వేచ్ఛ నీది అని చెప్పి పంపిస్తే ఆ మనిషి సాయంత్రం ఏ ఇంటికి వెళ్లాలి? అయితే మనవాళ్లకు ఈ ప్రశ్నలు లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ‘ఎవరి కోసం బతుకుతున్నానో తెలియడం లేదమ్మా’ అని ఒక రైతు కుటుంబం పెద్దాయన నాతో అన్న మాటకు ఏ గ్రంథం అనువాదమూ అక్కర్లేదు. ఆ మాటకు తెలుగులో జవాబు చెప్పగల ప్రొఫెసర్లు మనకు కావాలి. మీ అమ్మాయి ఆ పని ఎత్తుకుంటే నేను నిజంగా సంతోషిస్తాను.

ఇక మీరడిగిన పోలిక. అమెరికాలో సైకాలజిస్టుగా లైసెన్సు రావాలంటే సాధారణంగా డాక్టరేటు ఉండాలి. అది ఐదారేళ్ల పని. అందులోనే ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది, తర్వాత రాష్ట్రాన్ని బట్టి మరిన్ని పర్యవేక్షిత గంటలు, పరీక్ష. ఉత్త మాస్టర్స్‌తో ఆ హోదా రాదు. ఇల్లు తాకట్టు పెట్టి మాస్టర్స్‌కు పంపే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మంచి పీహెచ్‌డీల్లో ఫీజు మినహాయింపు, భృతి దొరికే అవకాశం ఉంది, పోటీ మాత్రం చాలా గట్టిది. పరిశోధన కన్నా చికిత్స చేయడం మీదే దృష్టి పెట్టే సైడీ అనే డాక్టరేటు కోర్సులకు ఎక్కువగా సొంత డబ్బే పెట్టుకోవాలి. మానవతావాద సంప్రదాయం బలంగా ఉన్న చోట్లు కొన్నే: పిట్స్‌బర్గ్‌లోని డ్యూకేన్, జార్జియాలోని వెస్ట్ జార్జియా, కాలిఫోర్నియాలోని సేబ్రూక్. చేరే ముందు ఆ కోర్సు లైసెన్సుకు పనికొస్తుందా, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉందా అన్నవి చూడాలి.

ఇక్కడి దారి ఎం.ఏ. తర్వాత ఆసుపత్రిలో రెండేళ్ల క్లినికల్ శిక్షణ, ఆర్‌సీఐ నమోదు, ఆ పైన పీహెచ్‌డీ. విశ్వవిద్యాలయ ఉద్యోగానికి నెట్ అనే అర్హత పరీక్ష సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. యూజీసీ 2022 నిబంధనల్లో ఎం.ఫిల్.ను తీసేసింది. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్.కు మాత్రం 2025-26 ప్రవేశాల దాకా వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి మీరనుకుంటున్న ఎం.ఫిల్. ఆమె ఎం.ఏ. పూర్తయ్యేనాటికి మరో పేరుతో ఉండవచ్చు. పేరు ఏదైనా, ఆ సంస్థా ఆ కోర్సూ ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకుని దరఖాస్తు చేయాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట సీట్లు తక్కువ. మొదటిసారి రాకపోతే మళ్లీ నీట్ మాట ఎత్తకండి.

నా అభిప్రాయం ముందు ఇక్కడి శిక్షణే. వార్డుల్లో పనిచేశాక కూడా ఆమెకు ఈ శాఖే కావాలనిపిస్తే, అప్పుడు పీహెచ్‌డీకి ఏ దేశమైనా చూడవచ్చు. అప్పటికి ఆమె దరఖాస్తులో రాసుకోవడానికి తాను చూసిన మనుషులు ఉంటారు.

ఆమె సంపాదన గురించి మీరు పైకి అడగలేదు, అయినా చెబుతాను. మొదటి కొన్నేళ్లు ఆమె తోటివారు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువే సంపాదిస్తారు. శిక్షణ పూర్తయి నమోదు ఉన్నవారికి మాత్రం ఆసుపత్రులు, కళాశాలలు, సొంత క్లినిక్‌లు ఉన్నాయి. అర్హత ఉన్నవారు మన అవసరానికి చాలా తక్కువ. ఈ దారిలో మీ అమ్మాయి రోడ్డున పడదు.

ముందు నోటు పుస్తకం చూశానని ఆమెకు మీరే చెప్పండి. కోపం తెచ్చుకుంటుంది, తెచ్చుకోనివ్వండి. కోపం తగ్గాక, స్వేచ్ఛ అన్న చోట ఏం రాసుకున్నావని అడగండి. మధ్యలో ఆపకుండా వినండి. అమెరికా ఖర్చుల లెక్క కావాలంటే ఆ తర్వాత ఇద్దరూ కలిసి రాయండి, చూసి పంపుతాను.